బాయిలర్ మనదే, భయం లేదు

సోమవారం

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవించి రాస్తున్న కబుర్లు. నేను క్షేమం. ఇస్త్రీ పెద్దమ్మ క్షేమం. బాయిలర్ క్షేమం. మీరిద్దరూ క్షేమమే అనుకుని తిన్నగా విషయానికొస్తాను, ఎందుకంటే విషయం చాలా ఘాటుగా ఉంది.

మేడ ఓనరు మన లాండ్రీ నెత్తిమీది గదిని ఎవరికో అద్దెకిచ్చేశాడు. ఎవరికో అంటే నిజంగానే ఎవరికో. ఈ వీధివాడు కాదు, పక్క వీధివాడు కాదు, ఆయన్ని ఎరిగినవాళ్లని ఎరిగినవాళ్లు కూడా ఇక్కడ ఎవరూ లేరు. ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అంటావేమో. ఫోన్ ఉన్నది మెట్ల కింద. ఆ మెట్లెక్కేది ఆయన. అందుకే ఉత్తరం.

మనిషి పొడుగు. యాభై దాటి ఉంటాయి. వెంట భార్యా లేదు, పిల్లలూ లేరు. సామానంతా కలిపి ఒక పరుపు, ఒక కుర్చీ, ఒక నల్ల ఇనప్పెట్టె. ఆ పెట్టె మీద కూలీ చెయ్యి వేయబోతే, "వద్దు బాబూ, దాన్ని నేనే తెస్తాను" అని రెండు చేతులా పొదివి పట్టుకుని, మెట్టుమెట్టుకీ ఆగుతూ చంటిపిల్లని మోసినట్టు మోశాడు. పైగా చేతులకి తోలు గ్లౌజులు. ఇంత ఎండలో! నన్ను దాటుతూ "నమస్కారమండీ" అన్నాడు. ఎందుకన్నట్టు? ముక్కూమొహం తెలియని మనిషికి నమస్కారం పెట్టాల్సిన అవసరం ఏమొచ్చింది?

నేను భయపడ్డానని మాత్రం అనుకోకు. మన ఇంటావంటా భయం లేదు. నాన్న ఈ బాయిలర్‌ని ఓడల పాత సామాన్ల దుకాణంలో కొన్నప్పుడు, అమ్మినవాడే "ఇది పేలుతుందండీ" అని చెప్పినా నవ్వుతూ ఇంటికి తోలించుకొచ్చాడు. పేలింది కూడా. మూడుసార్లు. అయితే ఏం, ఒక్క ప్రాణం తీసిందా? మొదటిసారి అత్తయ్య కనుబొమలు పోయాయి. మళ్లీ వచ్చాయి, మునుపటికన్నా ఒత్తుగా. రెండోసారి మన గోడ. మూడోసారి ఎదురింటి గోడ. ఈ ఊళ్లో ఇంకెవరికైనా ఉందా ఇలాంటి బాయిలర్? దాని దగ్గు వినిపించకపోతే ఈ వీధిలో ఎవరికీ తెల్లారదు. అలాంటి బాయిలర్ పక్కన పుట్టి పెరిగినదాన్ని, నాకు భయమేమిటి? ఊరికే జాగ్రత్త కోసం ఒక ఇనప కడ్డీ పక్కన పెట్టుకుని పడుకుంటున్నాను.

మరదలికి నా దీవెనలు.

ఇట్లు,
ఎవరికీ భయపడని మీ అక్క

మరిచాను: బాయిలర్ మీటర్లో ముల్లు ఈమధ్య ఎర్రగీత దాటి నిలబడుతోంది. బట్టలు తెచ్చినవాళ్లు పని మానుకుని దాన్నే చూస్తున్నారు. అందుకని మీటర్‌ని గోడవైపు తిప్పేశాను. ఇప్పుడు ఏ ఇబ్బందీ లేదు.


గురువారం

అక్కకి,

తమ్ముడు నమస్కరించి, చెమటలు తుడుచుకుంటూ రాస్తున్నది.

నీ ఉత్తరం చదివాక నాకు ముద్ద దిగలేదు. నీకు తెలుసు కదా, పత్రికలో నేను నేరాల పేజీకి ప్రూఫులు దిద్దేవాణ్ణి. ఇన్నేళ్లలో 'గుర్తు తెలియని వ్యక్తి' అన్న మాట ఎన్నిసార్లు దిద్దానో నాకే తెలియదు. 'గుర్తు తెలిసిన బాయిలర్' అని ఒక్కసారైనా దిద్దానా? లేదు. దీన్నిబట్టి నీకేం అర్థమవుతోంది? ప్రపంచంలో ఏది జరిగినా తెలియనివాళ్ల వల్లే జరుగుతోంది అక్కా. అచ్చులో ఉంది.

గ్లౌజులంటే మామూలు విషయం కాదు. వేలిముద్రలు పడకుండా వేసుకుంటారు. పెట్టెలో ఉన్నవి పనిముట్లు. నమస్కారం పెట్టింది నీ గొంతు ఎలా ఉంటుందో వినడానికి. కాబట్టి వెంటనే నేను చెప్పినట్టు చెయ్యి. వెనక తలుపుకి అడ్డంగా పెద్ద ఇస్త్రీ బల్ల జరుపు. కిటికీలన్నిటికీ చెక్కలు పెట్టి మేకులు కొట్టించు. వీధి తలుపుకి కొత్త తాళం వేసి, ఆ తాళంచెవిని ఎవరి ఊహకీ అందని చోట దాచు.

బాయిలర్‌ని అడిగానని చెప్పు. దాని వీపుకి ఆనుకుని కూర్చునే కదా నేను ఎక్కాలు నేర్చుకున్నది. అది ఉన్నంతకాలం నువ్వు ఒంటరిదానివి కాదు.

ఇట్లు,
నీ తమ్ముడు

వదినకి నమస్కారాలు. అక్షరాలు వంకరపోయాయని కంగారుపడకండి. ఈయన ఈ ఉత్తరాన్ని సిటీబస్సు ఫుట్‌బోర్డు మీద ఒంటికాలితో వేలాడుతూ రాశారు. లోపల సీటు ఖాళీగానే ఉందట. పక్క సీట్లో కూర్చున్నదెవరో తెలియదని వెళ్లలేదట. మీ మరదలు.


బుధవారం

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆవిరిలోంచి దీవిస్తూ రాస్తున్నది.

నువ్వు చెప్పినవన్నీ చేశాను. లోపల ఇప్పుడెంత భద్రంగా ఉందంటే, ఊపిరాడటం లేదు. పోవడానికి దారి లేక ఆవిరంతా మా మధ్యే తిరుగుతోంది. ఇస్త్రీ పెద్దమ్మ ఇవాళ ఉదయం కళ్లు తిరిగి దుప్పట్ల మూటమీద పడింది. మొహం మీద నీళ్లు చల్లి లేపితే, "కళ్లు తిరిగితే తిరిగాయిలే తల్లీ, మనసు మాత్రం నిశ్చింతగా ఉంది" అంది. ఎంత ధైర్యం చూడు. మన లాండ్రీలో పనిచేసిన మనిషి కదా.

ఇక పై గదాయన సంగతి. మెట్లు ఊడుస్తున్నట్టు వెళ్లి తలుపు సందులోంచి చూశాను. ఆయన నేలమీద బోర్లా పడుకుని, చెవి నేలకి ఆనించి వింటున్నాడు! కింద మనం ఏం మాట్లాడుకుంటున్నామో వినడానికి కాకపోతే ఎందుకు? అంతటితో ఆగలేదు. నిన్న కొళాయి దగ్గర నా పక్కకొచ్చి నిలబడ్డాడు. కుడిచేతి గ్లౌజులో రెండు వేళ్లు ఖాళీగా ఊగుతున్నాయి. నాకు ఒళ్లు జలదరించింది. భయంతో కాదు, నీళ్లు చల్లగా ఉన్నాయి.

"అమ్మగారూ, కింద రాత్రిళ్లు ఎంతమంది పడుకుంటారండీ?" అన్నాడు.

అడగాల్సిన ప్రశ్నేనా అది? నేను తడుముకోలేదు. "పదకొండుమంది వస్తాదులు. మా మేనమామ కొడుకులు" అన్నాను. గాలిలోంచి పుట్టించాను తమ్ముడూ, ఒక్కొక్కరికీ మీసాలు కూడా ఊహించుకున్నాను.

ఆయన మొహం పాలిపోయింది. గొంతు తగ్గించి, "మరి అది చల్లారేదెప్పుడండీ?" అన్నాడు.

"ఏది?"

"లోపలిదండీ."

"మా వాళ్ల కోపమా? అది పుట్టాక ఒక్కసారి కూడా చల్లారలేదు!" అని బిందె ఎత్తుకుని వచ్చేశాను. నా వెనక బిందె నీళ్లు సగం ఒలికాయంటే అది దారి బాగాలేక.

ఇట్లు,
పదకొండుమంది పెట్టైన మీ అక్క

మరిచాను: ఇవాళ మధ్యాహ్నం బాయిలర్ మూత బోల్టు ఒకటి ఊడి, మన కప్పులోంచి దూసుకుని ఆయన గదిలోకి వెళ్లింది. కుర్చీ విరిగిన చప్పుడైంది. అయినా కిందికి దిగొచ్చి ఒక్క మాట అనలేదు. పద్ధతి గల మనిషైతే వచ్చి పోట్లాడడూ? ఈ మౌనం వెనక ఏదో ఉంది.


ఆదివారం

అక్కకి,

తమ్ముడు తల పట్టుకుని రాస్తున్నది.

నీ ఉత్తరం ఆవిరికి తడిసి, అక్షరాలు ఒకదాన్నొకటి కౌగలించుకుని వచ్చాయి. అయినా ప్రూఫులు దిద్దే కళ్లు కాబట్టి ముఖ్యమైనదంతా చదివేశాను. అక్కా, ఎంత పని చేశావు! పైన ఉన్న ఒక్క కొత్తవాడికి జడిసి, కింద పదకొండుమంది కొత్తవాళ్లని చేర్చుకుంటావా? అందులోనూ వస్తాదుల్నా? మేనమామ కొడుకులమని చెప్పి చేరారా? మనకి మేనమామే లేడు కదక్కా! అమ్మ ఒక్కతే సంతానం!

వాళ్లకి తిండి ఎవరు పెడుతున్నారు? ఎక్కడ పడుకుంటున్నారు? బాయిలర్‌ని ఏమైనా ఇబ్బంది పెడుతున్నారా?

ఏం చెయ్యాలో తోచక మా ఆఫీసులో నేరాల విలేఖరికి చెవిలో చెప్పాను. ఆయన చాలా నెమ్మదైనవాడు, నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగకుండా రాసుకున్నాడు. నువ్వు మాత్రం వాళ్లకి అనుమానం రాకుండా నవ్వుతూ ఉండు.

ఇట్లు,
నిద్రలేని నీ తమ్ముడు

వదినా, ఆ పదకొండుమందిలో ఇస్త్రీ వచ్చినవాళ్లెవరైనా ఉంటే ఒకరిని ఇటు పంపించండి. మీ మరదలు.


శుక్రవారం

తమ్ముడికి,

ఈసారి దీవెనలు తర్వాత. ముందు ఈ ముక్క చదువు. మీ పత్రికలోంచే కత్తిరించాను:

"లాండ్రీలో గుర్తు తెలియని మల్లయోధులు. పట్టణంలోని ఒక పాత లాండ్రీలో పదకొండుమంది మల్లయోధులు రహస్యంగా తలదాచుకున్నట్టు విశ్వసనీయంగా తెలిసింది. వారి ఉద్దేశమేమిటో తెలియరాలేదు."

తెలియరాలేదా? వాళ్లే లేరురా! ఆయన్ని బెదిరించడానికి నేను చెప్పిన అబద్ధం వాళ్లు! ప్రూఫు దిద్దింది నువ్వేనని కామాలు చూస్తేనే తెలుస్తోంది.

ఇప్పుడు మన వీధి చూడాలి. బాయిలర్ వీపుకి తడిజుట్టు ఆనించి ఆరబెట్టుకున్నవాళ్లు, దాని మీద గిన్నెలు పెట్టి పాలు కాచుకున్నవాళ్లు, మన గుమ్మం రాగానే అవతలి పక్కకి దాటిపోతున్నారు. పాలాయన సీసాని మలుపులో పెట్టి పరుగెత్తాడు. ఎదురింటావిడ, మూడోసారి గోడ కూలినప్పుడు కూడా "పోనీలేమ్మా, గాలి బాగా వస్తోంది" అన్న మనిషి, నిన్న కిటికీలోంచి అరిచింది: "అంతమంది తెలియనివాళ్ల మధ్య ఎలా ఉంటున్నావమ్మా? మాకు పిల్లలున్నారు!" లేనివాళ్లని చూసి జడుసుకుంటున్నారు, నిజంగా ఉన్నదాని పక్కన చాప వేసుకుని పడుకున్నవాళ్లు.

కానిస్టేబుల్ వచ్చాడు. మంచాల కింద చూశాడు, మూటలు విప్పాడు, డ్రమ్ములో లాఠీ పెట్టి కెలికాడు. అలిసిపోయి బాయిలర్‌కి ఆనుకుని కూర్చుని, దాని పొయ్యిలోనే బీడీ ముట్టించుకున్నాడు. "ఏమోనమ్మా, నాకు ఈ గదిలో దేన్ని చూసినా అనుమానంగానే ఉంది. ఇదొక్కటే చిన్నప్పట్నుంచీ ఎరిగున్నది" అన్నాడు. పాపం, చొక్కా వెనక మాడింది.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. ఇవాళ పై గదాయన వచ్చి వీధి తలుపు కొట్టాడు. తెరుస్తానా? లోపల్నుంచే "ఎవరు?" అన్నాను.

"పై గదివాణ్ణండీ. మీ వస్తాదులు దయతలిచి ఒక్క గంటసేపు బయటికి వెళితే, నాకు మీ బాయిలర్‌తో పనుంది."

అర్థమైందా తమ్ముడూ? ఆయన కన్ను నా మెడలో గొలుసు మీద లేదు, గల్లాపెట్టె మీద లేదు. నాన్న బాయిలర్ మీద ఉంది! నాకు ఒకవైపు ఒళ్లు మండింది. ఇంకోవైపు, నిజం చెప్పొద్దూ, ఛాతీ పొంగింది. ఊళ్లో ఇన్ని నగల దుకాణాలుండగా, ఎక్కడినుంచో వచ్చినవాడు మన బాయిలర్ కోసం నెల అద్దె కట్టి మరీ కాపు కాస్తున్నాడంటే, మనదెంత గొప్ప బాయిలరో ఆలోచించు.

ఏం చెయ్యమంటావో వెంటనే రాయి.

ఇట్లు,
బాయిలర్‌కి కాపలా ఉన్న మీ అక్క

మరిచాను: వీధి తలుపు తాళంచెవి చాలా బాగా దాచాను. ఎంత బాగా అంటే, ఇవాళ పొద్దున్నుంచీ నేనే వెతుకుతున్నాను.


సోమవారం

అక్కకి,

తమ్ముడు మంచంలోంచి రాస్తున్నది.

నీకు అండగా ఉండాలని పెట్టె సర్దుకుని బయలుదేరుతుంటే నాకు పెద్ద ప్రమాదం జరిగింది. కాలు విరిగింది. ఈ నగరంలో మనిషికి భద్రత లేదక్కా. అంతకన్నా ఇప్పుడేమీ చెప్పలేను.

బాయిలర్ విషయంలో నా సలహా ఒక్కటే. దాన్ని చల్లారనివ్వకు. చల్లారితేనే కదా ఎత్తుకుపోయేది! బొగ్గు దండిగా వేసి మంట బాగా పెంచు. ఎర్రగా కాలుతున్న బాయిలర్‌ని ఎంతటి గజదొంగైనా ముట్టుకోలేడు. నాన్న కష్టార్జితం పరాయివాడి పాలు కాకూడదు.

ఇట్లు,
కాలు విరిగినా పౌరుషం విరగని నీ తమ్ముడు

వదినా, ఈయన పడింది మా స్నానాలగదిలో, మా సబ్బుమీద. నా పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ సబ్బు నేలమీదే ఉంటోంది. తీయమంటే "దానికి నేను అలవాటే" అనేవారు. మీ మరదలు.


శనివారం

చిరంజీవి తమ్ముడికి,

అక్క నిండు నూరేళ్లూ దీవించి రాస్తున్నది. ఈ ఉత్తరం కూర్చుని చదువు. నువ్వెలాగూ పడుకునే ఉన్నావు, మరీ మంచిది.

నీ సలహా గురువారం తలుపు కింది సందులోంచి అందింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక నేనూ ఇస్త్రీ పెద్దమ్మా కలిసి పొయ్యి నిండా బొగ్గు వేశాం. బాయిలర్ మొదట గట్టిగా దగ్గింది. తర్వాత మెల్లగా దగ్గింది. తర్వాత దగ్గడం మానేసింది.

పుట్టి బుద్ధెరిగాక నేనెప్పుడూ వినని నిశ్శబ్దం అది. లోపల్నుంచి సన్నగా, దంతాల సందులోంచి ఈల వేసినట్టు ఒక చప్పుడు మాత్రం వస్తోంది. కాళ్లకింద నేల వణుకుతోంది. పెద్దమ్మ నా మొహంలోకి చూసింది. "తల్లీ, ఇది మన బాయిలర్‌లా లేదు" అంది.

తలుపు వైపు పరుగెత్తాను. తాళం. తాళంచెవి లేదు. వెనక తలుపుకి ఇస్త్రీ బల్ల, ఇద్దరం కలిసి తోసినా కదలదు. కిటికీలకి మేకులు. అన్నీ నేను దగ్గరుండి కొట్టించినవే. అప్పుడు తెలిసింది తమ్ముడూ భయమంటే ఏమిటో. ఇన్నాళ్లూ బయటి మనిషి లోపలికి రాకూడదని చూసుకున్నానే తప్ప, లోపలివాళ్లం బయటికి పోవాల్సి వస్తుందని ఒక్కసారి కూడా అనుకోలేదు.

చన్నీళ్ల బకెట్ ఎత్తి పొయ్యిమీద గుమ్మరించబోతున్నాను. పక్క కిటికీ చెక్కలు ఫెళ్లున విరిగాయి. ఒళ్లంతా పరుపు కట్టుకున్నంత మందపు కోటు, తలకి ఇనప టోపీ, ఆయనే! నేను రెండో చేత్తో కడ్డీ అందుకున్నాను.

"కొట్టాలంటే తర్వాత కొట్టండి. ముందు ఆ బకెట్ దించండి" అన్నాడు. గొంతు ఎంత నెమ్మదిగా ఉందంటే, నిద్రపోతున్న పిల్లల పక్కన మాట్లాడుతున్నట్టుంది. "చన్నీళ్లు పడితే ముగ్గురం పైకి పోతాం. నా గది దాటి, ఇంకా పైకి."

బకెట్ దించాను.

"మీ వాళ్లేరండీ?"

"ఏ వాళ్లు?"

"పదకొండుమంది."

"వాళ్లు లేరు. ఎప్పుడూ లేరు."

"లేరా? వాళ్లకి భయపడేనండీ నేను ఇన్నాళ్లూ మీ తలుపు కొట్టలేక చచ్చింది!"

పెద్దమ్మని కిటికీలోంచి బయటికి దించాడు. నన్నూ వెళ్లమన్నాడు. "ఇది మా నాన్న బాయిలర్. దీన్ని కొత్తవాళ్ల చేతిలో ఒంటరిగా వదిలి వెళ్లను" అన్నాను. నా కళ్లలోకి చూశాడు. "అయితే బూడిద తెండి" అన్నాడు.

ఇద్దరం కలిసి పారలతో బూడిద ఎత్తి, మంట ఊపిరి ఆగేదాకా కప్పాం. తర్వాత ఆవిరి వదిలే వాల్వు దగ్గరికి వెళ్లాడు. అది తుప్పుపట్టి బిగుసుకుపోయింది. దాని పిడికి మన బట్టలారేసే తాడు కట్టాడు. ఆ తాడు పట్టుకుని ఇద్దరం కిటికీ దిగి, ఎదురింటివాళ్ల కొత్త గోడ వెనక చేరాం. ఆయన కుడివైపుకి లాగబోయాడు.

"అటు కాదు, అటు లాగితే ఇంకా బిగుస్తుంది. దానికి ఎడమవైపే చనువు" అన్నాను.

ఆయన ఎడమవైపు జరిగాడు. ఇద్దరం కలిసి మెల్లగా లాగాం. ఒక్కసారిగా ఆవిరి లేచింది తమ్ముడూ! ఆ ఘోషకి వీధివీధంతా బయటికొచ్చేసింది. కిటికీల్లోంచి తెల్లటి మబ్బులు వచ్చి మనుషుల్ని ముంచేశాయి. పావుగంట తర్వాత మబ్బు విడితే, మేడ నిలబడే ఉంది. మన బాయిలర్ నిలబడే ఉంది. చిన్నగా ఒక్కసారి దగ్గింది. నాకు ఏడుపొచ్చింది.

అరుగు మీద కూర్చున్నాం. అప్పుడడిగాను, మీరెవరని. ఇన్నాళ్లకి! ఆయన సర్కారులో బాంబులు విప్పే ఉద్యోగం చేసి, పదవీ విరమణ చేసి వచ్చాడు. "ప్రశాంతమైన వీధి" అని మేడ ఓనరు చెబితే నమ్మాడు. వచ్చిన మొదటి రోజే కింద ఈ చప్పుడు విన్నాడు. నేలకి చెవి ఆనించి విన్నది మన మాటల్ని కాదు, బాయిలర్ రొమ్ముని. చల్లారేదెప్పుడని అడిగింది దాన్నే. నల్లపెట్టెలో ఉన్నవి ఆ కోటూ టోపీ, ఆయన ఉద్యోగం జ్ఞాపకాలు.

గ్లౌజు విప్పి వేళ్లు చూపించాడు. "బాంబు పేలిందా అండీ?" అన్నాను.

"లేదండీ. మా ఇంటి తలుపు సందులో పడ్డాయి. నా తలుపే, నేనే వేశాను."

ఇద్దరం నవ్వాం. మళ్లీ ఆయనే అన్నాడు: "బాంబులంటే నాకు ఎరిగిన సరుకు. పక్కన పెట్టుకుని నిద్రపోయేవాణ్ణి. మీ బాయిలర్‌లాంటిది మాత్రం నా జన్మలో చూడలేదండీ. వచ్చిన దగ్గర్నుంచీ కన్ను మూస్తే ఒట్టు." నావైపు తిరిగి, "నాతో పనిచేసినవాళ్లలో కూడా మీలా కదలకుండా నిలబడ్డవాళ్లు తక్కువ" అన్నాడు.

ఆ మాట వీధంతా విన్నది. నేను వినేలా చేశాను.

ఇట్లు,
మీ అక్క

మరిచాను: మీటర్ని గోడవైపునుంచి తిప్పి చూశాం. ముల్లు లేదు. ఎప్పుడో ఎర్రగీత దాటి, చుట్టూ తిరిగొచ్చి, విరిగి కిందపడి ఉంది.


గురువారం

అక్కకి,

తమ్ముడు కాళ్లమీద పడలేడు కాబట్టి కాలు చాచి నమస్కరిస్తున్నాడు.

నీ ఉత్తరం గట్టిగా పైకి చదివించుకున్నాను. మంట పెంచమన్నది నేనే కదా, ఆ చోటు వచ్చినప్పుడు నీ మరదలు చదవడం ఆపి నన్ను చూసింది. ఆ చూపు చాలు, నువ్వింకేమీ అనక్కర్లేదు. తర్వాత 'కదలకుండా నిలబడ్డవాళ్లు తక్కువ' అన్న ముక్క నాలుగుసార్లు చదివించుకున్నాను. పక్కింటివాళ్లు విన్నారు. పై అంతస్తువాళ్లు కిందికొచ్చి విన్నారు. వాళ్లెవరో నాకు ఇన్నాళ్లూ తెలియదు. చాలా మంచివాళ్లు.

మా పత్రికలో ఈ వార్త వస్తోంది. ప్రూఫు ఇంటికి పంపించారు. విలేఖరి మళ్లీ "గుర్తు తెలియని వ్యక్తి చాకచక్యంతో" అని రాశాడు. నేను కొట్టేసి, "మా అక్కా, ఆవిడ పై గదిలో ఉండే పెద్దమనిషీ" అని దిద్దాను. ఎడిటరు ఫోన్ చేసి, మా అక్క అంటే ఎవరి అక్కయ్యా అని తిట్టాడు. తిడితే తిట్టనీ.

ఆ పెద్దమనిషికి నా నమస్కారాలు చెప్పు. తాడు ఎడమవైపు లాగమన్నది నువ్వేనని ఆయనకి గుర్తు చేస్తూ ఉండు.

ఇట్లు,
నీ తమ్ముడినని అందరికీ చెప్పుకుంటున్న తమ్ముడు

వదినా, సబ్బుకి గోడమీద చిన్న పెట్టె కొట్టించాను. ఈయనకి అది కొత్త కదా, స్నానాలగదిలోకి వెళ్లడానికి జంకుతున్నారు. మీ మరదలు.


ఆదివారం

చిరంజీవి తమ్ముడికి, సౌభాగ్యవతి మరదలికి,

అక్క మనసారా దీవించి, తల పైకెత్తి రాస్తున్నది.

మన బాయిలర్‌కి సర్కారు ఉద్యోగం వచ్చింది.

అచ్చుతప్పు కాదు. సరిగ్గానే చదివావు. ఆయన తన పాత ఆఫీసువాళ్లకి దీని సంగతి రాస్తే, ముగ్గురు పెద్ద అధికారులు బండి వేసుకుని వచ్చారు. చుట్టూ తిరిగారు. గోడల మీద పాత మరకలు చూశారు. అందులో పెద్దాయన టోపీ తీసి చేత్తో పట్టుకుని, "ఇది ఇన్నేళ్లు ఊరి మధ్యలో ఉండిందా?" అన్నాడు. "ఉండటమే కాదు, బట్టలు ఉతికింది" అన్నాను. బాంబులు విప్పడం నేర్పే బడికి దాన్ని తీసుకుపోతామన్నారు. కొత్తగా చేరినవాళ్లకి మొదటి పాఠం దాని మీదేనట. దాని బదులు మనకి చిన్న కొత్త బాయిలర్ ఇచ్చారు. అది అస్సలు దగ్గదు. నేనింకా దానికి వీపు చూపించలేదు.

మొన్న ఆ బడికి నన్ను ముఖ్య అతిథిగా పిలిచారు. పెద్ద హాలు మధ్యలో, ఎత్తు గద్దె మీద, చుట్టూ కంచె వేసి నిలబెట్టారు మన బాయిలర్‌ని. దాని ముందు ఇత్తడి పలక. పలక మీద నాన్న పేరు, ఆయన ఎన్నేళ్లు దీన్ని నడిపాడో ఆ లెక్క. కింద ఎర్రక్షరాలతో, "దగ్గరికి వెళ్లరాదు." తమ్ముడూ, నాన్నని ఊళ్లో ఎంతమంది పిచ్చివాడన్నారో నీకు తెలుసు. ఇప్పుడు సర్కారువారే కంచె కట్టి చూపిస్తున్నారు. నేను అక్కడ నిలబడి పలకని చీరకొంగుతో తుడిచాను. అప్పటికే మెరుస్తోంది, అయినా తుడిచాను.

చదువుకునే కుర్రాళ్లు పాతిక మందిదాకా ఉన్నారు. బల్ల మీద ఒక పెద్ద పాత బాంబు ఉంది. దాని మీద టీ గ్లాసులు పెట్టుకుని, ఆనుకుని కబుర్లు చెప్పుకుంటున్నారు. నేను లోపలికి అడుగుపెట్టగానే అందరూ గబుక్కున లేచి, బాంబు వెనక్కి జరిగి, నావైపు బిక్కుబిక్కుమని చూశారు. నేనెవరో వాళ్లకి తెలియదు కదా మరి!

"రండి నాయనా, కరవను. లాండ్రీ అక్కని" అన్నాను. గంటసేపు మాట్లాడాను. ఎడమవైపు చనువు సంగతి చెప్పినప్పుడు రాసుకున్నారు కూడా. చివర్లో చప్పట్లు కొడుతుంటే పక్కన చూశాను. ఆయన అందరికన్నా గట్టిగా కొడుతున్నాడు. వేళ్లు తక్కువైనా చప్పుడు తక్కువేం కాలేదు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆయన ఒక ప్రశ్న అడిగాడు. నాకు వయసులో ఉన్నప్పుడు ఎన్ని సంబంధాలొచ్చాయో, నేను ఒక్కటీ ఎందుకు ఒప్పుకోలేదో నీకు ఎప్పుడూ అర్థం కాలేదు. వచ్చినవాళ్లందరూ కొత్తవాళ్లే కదరా! కొత్తవాణ్ణి ఎవరు చేసుకుంటారు? ఈయన అలా కాదు. ఈయన నా గోడలు చూశాడు, నా అబద్ధాలు విన్నాడు, నా చేతిలో కడ్డీ చూశాడు. అన్నీ తెలిసి అడుగుతున్న మనిషికి తెలియనట్టు నటించి ఏం చెబుతాను? వచ్చే స్టాపులో దిగేలోపు ఒప్పేసుకున్నాను.

నీ కాలు బాగవగానే ఇద్దరూ రండి. బస్సులో లోపల కూర్చుని రండి.

ఇట్లు,
మీ అక్క

మరిచాను: ఇకమీదట ఉత్తరాల్లో "ఆ పెద్దమనిషి" అని రాయకు. "బావగారు" అని రాయి. పక్కనే కూర్చుని చదువుతున్నారు.